కృత్రిమ కీళ్లలో ప్లాస్టిక్ అరుగుదల: తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాలో తుంటో మార్పించుకున్నవాళ్లు, మార్పించుకోబోతున్నవాళ్లు, వాళ్ల పిల్లలు అడిగే ప్రశ్నలివి. నేను డాక్టరును కాను, పదార్థాల అరుగుదల మీద పనిచేసే ఇంజినీరును. అందుకే ఇక్కడ ఆపరేషన్ ఎలా చేస్తారన్నది తక్కువ. ఆపరేషన్ అయ్యాక లోహమూ ప్లాస్టికూ ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి రాసుకుంటే ఏమవుతుందన్నదే ఎక్కువ.

కృత్రిమ కీలంటే అంతా లోహమే కదా, ప్లాస్టిక్ ఎక్కడుంటుంది?

సరిగ్గా గుజ్జు ఉండాల్సిన చోట. మోకాలి మార్పిడిలో తొడ ఎముక చివరికి కోబాల్ట్ క్రోమ్ తొడుగు వేస్తారు, కాలి ఎముక పైన లోహపు పళ్లెం బిగిస్తారు. ఆ రెంటి మధ్య కూర్చునే తెల్లటి బిళ్లే ప్లాస్టిక్. డాక్టర్లు దాన్ని ఇన్సర్ట్ అంటారు. మోకాలి చిప్ప వెనక కూడా చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెట్టడం మామూలే. తుంటిలోనైతే గుండ్రటి బాల్ లోహంతోనో సిరామిక్‌తోనో ఉంటుంది, అది తిరిగే కప్పు లోపలి పొర ప్లాస్టిక్. దాని పేరు లైనర్. ఎక్స్‌రేలో ప్లాస్టిక్ కనిపించదు. అందుకే ఫిల్మ్ చూసి "రెండు లోహాల మధ్య ఖాళీ ఉంది, గుజ్జు మళ్లీ అరిగిపోయిందా" అని చాలామంది కంగారు పడతారు. ఆ ఖాళీయే ప్లాస్టిక్.

అది ఏ ప్లాస్టిక్? పాల ప్యాకెట్‌కు వాడేదేనా?

రసాయన సూత్రం చూస్తే అదే, పాలిథిలీన్. తేడా అంతా గొలుసు పొడవులో ఉంది. ఇంప్లాంట్లలో వాడేది అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిథిలీన్. దాని అణుభారం 35 లక్షల నుంచి 60 లక్షల వరకు ఉంటుంది. అంటే ఒక్కో గొలుసులో లక్షకు పైగా ఇథిలీన్ ముక్కలు వరసగా అతుక్కుని ఉంటాయి. ఇంత పొడవైన గొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడిపోయి ఉండటం వల్ల, పైపొర రాపిడికి గురైనా ముక్క ఊడి రావడం కష్టం. దీన్ని మామూలు ప్లాస్టిక్‌లా కరిగించి అచ్చులో పోయడం కుదరదు. కరిగినా పారదు. పొడిని వేడిచేసి, బలంగా నొక్కి దిమ్మెలుగానో కడ్డీలుగానో తయారు చేస్తారు. చాలా భాగాలను వాటిలోంచే చెక్కి తీస్తారు.

గట్టి లోహం పక్కన అంత మెత్తటి ప్లాస్టిక్ ఎందుకు? త్వరగా అరిగిపోదా?

మన సొంత కీలులో గుజ్జు, జిగురు ద్రవం కలిసి ఘర్షణ గుణకాన్ని 0.001 నుంచి 0.02 మధ్య ఉంచుతాయి. ఏ ఇంజినీరూ ఇంతవరకు శరీరంలో దానికి సాటి వచ్చేది పెట్టలేదు. లోహం మీద పాలిథిలీన్ రాసుకుంటే గుణకం సుమారు 0.05 నుంచి 0.1 వరకు ఉంటుంది. ద్రవం రెండు ఉపరితలాలనూ పూర్తిగా విడదీయలేదు. అడుగడుక్కీ అవి ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాయి.

తగలడం తప్పనప్పుడు, తగిలే రెంటిలో ఒకటి గట్టిగా, నున్నగా ఉండి, రెండోది కాస్త ఒదిగిపోయేదిగా ఉండటం మేలు. మెత్తటిది చిన్న చిన్న కొలతల తేడాలను సర్దుకుంటుంది, చటుక్కున పగలదు. అరుగుదల కూడా దాదాపు అంతా ఒక్క భాగంలోనే జరుగుతుంది. అవసరమైతే ఆ భాగాన్నే మార్చొచ్చు. అందుకే లోహపు బాల్‌ను అద్దంలా పాలిష్ చేస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాని గరుకుదనం 0.05 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, ప్లాస్టిక్ వైపు మాత్రం 2 మైక్రాన్ల దాకా ఒప్పుకుంటారు. నున్నగా ఉండి తీరాల్సింది లోహమే. దాని మీద పడిన ఒక్క గీత, గీత అంచున లేచిన చిన్న గట్టు, ప్రతి అడుగులోనూ ప్లాస్టిక్‌ను గీరుతుంది. ఇంప్లాంట్‌ను ఎముకకు పట్టి ఉంచే సిమెంట్ ముక్క ఒకటి మధ్యలో చిక్కినా అలాంటి గీతలే పడతాయి. ఎక్స్‌రేలో కనపడేందుకు ఆ సిమెంట్‌లో కలిపే జిర్కోనియా వంటి రేణువులు గట్టివి. ఆపరేషన్ చివర్లో సర్జన్ కీలును ఓపికగా కడగడం వెనక ఇదీ ఒక కారణం.

ఘర్షణ తక్కువైతే అరుగుదల కూడా తక్కువే కదా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల ఒక మహా ప్రతిభావంతుడి చేతుల మీదుగానే సుమారు మూడు వందల మంది రోగులు ఇబ్బంది పడ్డారు.

ఆయన జాన్ చార్న్లీ, ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రి సర్జన్. ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడు. 1950లలో ఆయన దగ్గరికి అక్రిలిక్ బాల్ అమర్చిన ఒక రోగి వచ్చాడు. అతను కదిలినప్పుడల్లా తుంటి కీచుమని అరిచేది. చార్న్లీ దాన్ని ఘర్షణ సమస్యగా అర్థం చేసుకున్నారు. ఘర్షణ ఎక్కువైతే ప్రతి అడుగూ ఎముకలోని ఇంప్లాంట్‌ను మెలిపెట్టి వదులు చేస్తుందన్నది ఆయన తర్కం. అది సరైన తర్కమే. అందుకని ఘర్షణ అతి తక్కువగా ఉండే ఘన పదార్థం కోసం వెతికి పీటీఎఫ్ఈని ఎంచుకున్నారు, మన వంటింట్లో టెఫ్లాన్‌గా తెలిసిన పదార్థం. 1958 నుంచి దానితో కప్పులు చేసి అమర్చారు. మొదట్లో ఫలితాలు అద్భుతం. నొప్పి పోయింది, జనం హాయిగా నడిచారు. రెండు మూడేళ్లు గడిచేసరికి కప్పులు మిల్లీమీటర్ల లెక్కన అరిగిపోయాయి. ఊడిన పొడి చుట్టూ గడ్డలు కట్టాయి, ఎముక తినేసుకుపోయింది.

పీటీఎఫ్ఈ గొలుసులు నున్నగా ఉంటాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. అందుకే సులువుగా జారతాయి. అందుకే పొరలు పొరలుగా ఊడిపోతాయి కూడా. దాని ఘర్షణను తగ్గించిన గుణమే దాని అరుగుదలను పెంచింది.

1962లో ఒక ప్లాస్టిక్ అమ్మకందారు, లాంకషైర్ బట్టల మిల్లుల్లో మగ్గాల గేర్లకు వాడే పాలిథిలీన్ ముక్క పట్టుకొచ్చాడు. చార్న్లీకి అది నచ్చలేదు, గోటితో నొక్కితే గీత పడేంత మెత్తన. ఆయన దగ్గర పనిచేసే టెక్నీషియన్ హ్యారీ క్రేవన్ మాత్రం పారేయకుండా తన అరుగుదల యంత్రం మీద ఎక్కించాడు. రాత్రింబవళ్లు మూడు వారాలు నడిచినా, పీటీఎఫ్ఈ ఒక్క రోజులో అరిగేంత కూడా అది అరగలేదు. దాని ఘర్షణ పీటీఎఫ్ఈ కన్నా ఎక్కువే. చార్న్లీ మనసు మార్చుకున్నారు. ఈసారి తొందరపడలేదు, రెండు పదార్థాల ముక్కలనూ తన తొడలోనే పెట్టించుకుని చూశారు. నెలలు గడిచాక పీటీఎఫ్ఈ ఉన్న చోట గడ్డలా చేతికి తగిలింది, పాలిథిలీన్ చోట ఏమీ లేదు. 1962 నవంబరులో పాలిథిలీన్ కప్పు అమర్చడం మొదలైంది. అరవై ఏళ్లు దాటినా మూల పదార్థం మారలేదు.

చార్న్లీ గొప్ప సర్జన్, 1977లో నైట్‌హుడ్ కూడా వచ్చింది. నా దృష్టిలో ఈ కథలో క్రేవన్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఏడాదికి ఎంత అరుగుతుంది?

పాతరకం పాలిథిలీన్‌కు మొరటు లెక్క ఏడాదికి 0.1 మిల్లీమీటరు. అంటే పదేళ్లకు ఒక మిల్లీమీటరు. ఇన్సర్ట్ మందం 8, 10 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి "ఎనభై ఏళ్లు వస్తుందన్నమాట" అని కొందరు వెంటనే లెక్క కట్టేస్తారు. ఆ లెక్క తప్పు. ప్లాస్టిక్ పూర్తిగా అరిగిపోయి లోహం లోహానికి తగలడం అరుదు, సమస్య అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఎందుకో తెలియాలంటే ఘనపరిమాణం లెక్క వేద్దాం.

28 మిల్లీమీటర్ల బాల్ ఏడాదికి 0.1 మిల్లీమీటరు లోపలికి దిగితే, ఊడిన ప్లాస్టిక్ సుమారు 62 ఘన మిల్లీమీటర్లు, బరువులో 60 మిల్లీగ్రాముల లోపు. చిటికెడు కూడా కాదు. ఇప్పుడు ఆ పొడంతా అర మైక్రాన్ వ్యాసమున్న రేణువులనుకోండి. రేణువుల సంఖ్య ఏడాదికి 90 వేల కోట్లు దాటుతుంది. ఒక కాలు ఏడాదికి వేసే అడుగులు సుమారు పది లక్షలు. అంటే అడుగుకు తొమ్మిది లక్షల రేణువులకు పైమాటే. ఇది మొరటు అంచనాయే గానీ, అసలు సంఖ్య ఉండే స్థాయి ఇదే.

ఇంకోమాట. మొదటి ఏడాది రెండేళ్లలో ఎక్స్‌రేలో బాల్ కాస్త ఎక్కువ లోపలికి దిగినట్టు కనిపించొచ్చు. అందులో చాలా భాగం అరుగుదల కాదు, బరువుకు ప్లాస్టిక్ అణగడం. ఆ తర్వాతి ఏళ్ల వేగమే అసలు లెక్క.

అంత కాస్త పొడి ఏం చేస్తుంది?

ఎముకను కరిగిస్తుంది. పొడి స్వయంగా కాదు, మన రక్షణ కణాల ద్వారా.

శరీరంలోకి వచ్చిన పరాయి రేణువులను మింగి జీర్ణం చేసే కణాలు మాక్రోఫేజ్‌లు. మైక్రాన్ కన్నా చిన్న పాలిథిలీన్ రేణువు వాటికి మింగడానికి సరిగ్గా సరిపోయే సైజు. మింగుతాయి గానీ అరిగించుకోలేవు. పాలిథిలీన్‌ను విడగొట్టే ఎంజైమ్ మన దగ్గర లేదు. మింగి అరిగించుకోలేని కణం టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ల వంటి సంకేత రసాయనాలను వదులుతూ పోతుంది. ఆ సంకేతాలు ఆస్టియోక్లాస్టులనే ఎముక కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఇంప్లాంట్ చుట్టూ ఎముకలో మెల్లగా గుంతలు పడతాయి. దీని పేరు ఆస్టియోలిసిస్. పట్టు వదిలిన ఇంప్లాంట్ కదలడం మొదలుపెడుతుంది, ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండానే.

1980లలో దీన్ని సిమెంట్ జబ్బు అనుకున్నారు. సిమెంటే శత్రువైతే సిమెంట్ లేని ఇంప్లాంట్లు చేద్దామని చేశారు. వాటిలోనూ ఎముక కరిగింది. అప్పుడు గానీ చూపు అరుగుదల పొడి వైపు పూర్తిగా మళ్లలేదు. ఏడాదికి 0.1 మిల్లీమీటరు కన్నా తక్కువ అరిగే తుంటుల్లో ఆస్టియోలిసిస్ అరుదని, 0.05 కన్నా తక్కువైతే దాదాపు కనిపించదని తర్వాత గమనించారు. ఆ హద్దు కిందికి దిగడమే ఈ రంగంలో ఆ తర్వాత జరిగిన పనికి లక్ష్యం.

ఈ పొడి వల్ల క్యాన్సర్ వస్తుందా?

రేణువులు లింఫ్ గ్రంథులకు, కొందరిలో కాలేయం, ప్లీహం దాకా చేరినట్టు కనుగొన్నారు. అయితే లక్షలాది రోగుల రికార్డులతో చేసిన అధ్యయనాల్లో కీలు మార్పిడి వల్ల మొత్తంమీద క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు తేలలేదు. భయపడాల్సింది ఎముక గురించి.

తుంటి, మోకాలు ఒకేలా అరుగుతాయా?

అరగవు. తుంటిలో బాల్ కప్పులో దాదాపు పూర్తిగా ఒదిగి ఉంటుంది. బరువు విశాలంగా పరుచుకుంటుంది, పైపొర నుంచి సన్నటి పొడి ఊడుతుంది. మోకాలిలో గుండ్రటి లోహం చదునైన ప్లాస్టిక్ మీద కాస్త జాగాలోనే ఆనుతుంది. ఒత్తిడి అక్కడ కేంద్రీకృతమై, ఉపరితలం కింద మిల్లీమీటరు లోతులో కూడా ప్లాస్టిక్ అలసిపోతుంది. పగుళ్లు అడ్డంగా పాకి రేకులు రేకులుగా లేస్తుంది, గుంటలు పడుతుంది. రేకులు పెద్దవి కాబట్టి మాక్రోఫేజ్‌లను సన్నటి పొడి రెచ్చగొట్టినంతగా అవి రెచ్చగొట్టవు, కానీ ఇన్సర్ట్ తొందరగా పాడవుతుంది. కాలు వంకరను ఆపరేషన్లో సరిగా సరిచేయకపోతే ఒక పక్కే బరువు పడి ఈ నష్టం ఎక్కువవుతుంది.

ల్యాబ్‌లో దీన్ని ఎలా పరీక్షిస్తారు?

సిమ్యులేటర్ అనే యంత్రం కీలును నడిచే మనిషి కీలులా కదిలిస్తుంది. సెకనుకు ఒక అడుగు చొప్పున, కనీసం 50 లక్షల అడుగులు. దీనికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన నియమాలున్నాయి, తుంటికి ఐఎస్ఓ 14242, మోకాలికి ఐఎస్ఓ 14243. ఆగకుండా నడిపినా 50 లక్షలకు రెండు నెలలు పడుతుంది. ప్రతి ఐదు లక్షల అడుగులకు ఆపి, ప్లాస్టిక్‌ను కడిగి, ఆరబెట్టి, తూకం వేస్తాం. ప్లాస్టిక్ ద్రవాన్ని పీల్చి బరువు పెరుగుతుంది కాబట్టి, రాపిడి లేకుండా నానబెట్టిన ఇంకో ముక్కతో పోల్చి ఆ పెరుగుదలను తీసేయాలి. ఇది మరిస్తే అరుగుదల సున్నా కన్నా తక్కువని వస్తుంది.

రెండు చిన్న విషయాలు పాత పరీక్షలను ఏళ్ల తరబడి తప్పుదోవ పట్టించాయి. మొదటిది ద్రవం. నీళ్లలో నడిపితే లోహం మీద ప్లాస్టిక్ పొర అంటుకుంటుంది, శరీరంలో అలా జరగదు. ప్రోటీన్ ఉన్న ద్రవం కావాలి కాబట్టి దూడ సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, వాడతారు.

రెండోది కదలిక దిశ, ఇది నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా అందంగా అనిపించే విషయం. ముందుకూ వెనక్కూ ఒకే గీత మీద రుద్దితే పాలిథిలీన్ దాదాపు అరగదు. దువ్వెనతో ఒకే వైపు దువ్విన జుట్టులా పైపొర గొలుసులన్నీ కదలిక దిశలో సర్దుకుని గట్టిపడతాయి. కానీ అలా సర్దుకున్న పొర అడ్డదిశలో బలహీనం. తుంటిలో నడిచేటప్పుడు బాల్ మీది ఒక్కో బిందువు ప్లాస్టిక్ మీద గీతలా కాకుండా సన్నటి కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. ఒక దిశలో సర్దుకున్న గొలుసులను మరుక్షణం అడ్డంగా లాగుతుంది, పోగులు చీలి ఊడతాయి. ఒకే గీత మీద చేసిన పాత పరీక్షల్లో అరుగుదల అసలు దానికన్నా పదుల రెట్లు తక్కువ వచ్చింది. 1990లలో ఇది అర్థమయ్యాకే ల్యాబ్‌లో వచ్చే పొడి రోగుల కీళ్లలో దొరికే పొడిని పోలి ఉండటం మొదలైంది.

క్రాస్‌లింక్డ్ పాలీ అంటున్నారు, అదేమిటి?

గొలుసులు అడ్డంగా చీలడమే సమస్య అయితే, వాటిని ఒకదానికొకటి అడ్డంగా ముడి వేయడమే మందు. గామా కిరణాలతోనో ఎలక్ట్రాన్ పుంజంతోనో పాలిథిలీన్‌ను కొడితే గొలుసుల మీద అక్కడక్కడ బంధాలు తెగి, పక్క గొలుసుతో కొత్త బంధాలు ఏర్పడతాయి. మోతాదు 50 నుంచి 100 కిలోగ్రే (పదార్థం పీల్చుకున్న కిరణాల శక్తికి కొలత).

నిజానికి ఈ కిరణాలను అంతకు ముందు కూడా వాడేవారు, క్రిములు చంపడానికి, 25 నుంచి 40 కిలోగ్రే మోతాదులో, గాలి ఉన్న ప్యాకెట్లోనే. తెగిన చోట్ల మిగిలిపోయిన ఫ్రీ రాడికల్స్, అంటే జత దొరక్క దేనితోనైనా కలవడానికి సిద్ధంగా ఉండే కొసలు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ప్లాస్టిక్‌ను పెళుసు చేశాయి. అమర్చకముందే, స్టోర్‌లో అల్మారాలో ఉండగానే మోకాలి ఇన్సర్టులు ముసలివైపోయాయి. రేకులు లేచిపోయిన మోకాళ్లలో చాలావాటి కథ ఇదే. 1990ల మధ్య నుంచి ఆక్సిజన్ లేని ప్యాకింగ్, ఇథిలీన్ ఆక్సైడ్ వంటి పద్ధతులకు మారారు.

1990ల చివర్లో వచ్చిన హైలీ క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్‌లో కిరణాల తర్వాత ప్లాస్టిక్‌ను వేడిచేసి మిగిలిన ఫ్రీ రాడికల్స్‌ను తొలగిస్తారు లేదా తగ్గిస్తారు. తుంటిలో దీని ఫలితం స్పష్టం. అరుగుదల పాతదానిలో ఐదో వంతు నుంచి పదో వంతుకు పడిపోయింది, ఆస్టియోలిసిస్ అరుదైంది. దీనికి మూల్యం లేకపోలేదు. ముడులు పెరిగితే సాగే గుణం, పగుళ్లను తట్టుకునే గుణం తగ్గుతాయి. పలచటి లైనర్ అంచు విరగడం లాంటివి అప్పుడప్పుడు జరిగాయి. మోకాలిలో అలసటే పెద్ద సమస్య కాబట్టి అక్కడ లాభం తుంటిలో ఉన్నంత స్పష్టంగా లేదు. అందుకే ఒకే సర్జన్ తుంటికి క్రాస్‌లింక్డ్ తప్పదని చెప్పి, మోకాలికి అంత పట్టుబట్టకపోతే అందులో విరుద్ధం ఏమీ లేదు.

మన దగ్గర తుంటి మార్పిడికి వచ్చేవాళ్లలో చాలామందిది అవాస్కులర్ నెక్రోసిస్, రక్తప్రసారం తగ్గి బాల్ భాగం కుంగిపోయే జబ్బు. ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లు. వాళ్లు ఆ కీలుతో దశాబ్దాలు నడవాలి. అలాంటివాళ్లకు లైనర్ ఏ రకమని అడిగి తెలుసుకోవడం చాలా ముఖ్యం.

విటమిన్ ఇ కలిపిన పాలీ అంటే?

మాత్రల్లో ఉండే విటమిన్ ఇనే. ప్లాస్టిక్‌ను కరిగించి ఫ్రీ రాడికల్స్‌ను తొలగించే బదులు ఆ విటమిన్ వాటిని శాంతింపజేస్తుంది. కరిగించే అవసరం లేదు కాబట్టి బలం అంతగా తగ్గదు. 2007 ప్రాంతం నుంచి రోగుల్లో వాడుతున్నారు.

పెద్ద బాల్ మంచిదా, చిన్నదా?

చార్న్లీ బాల్ వ్యాసం 22.225 మిల్లీమీటర్లు, అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. బాల్ చిన్నదైతే అడుగుకు జారే దూరం తగ్గుతుంది, ఊడే పొడి తగ్గుతుంది, ఎముకను మెలిపెట్టే బలం కూడా తగ్గుతుంది. 28 మిల్లీమీటర్ల బాల్ ఏడాదికి పది లక్షల అడుగుల్లో సుమారు 20 కిలోమీటర్లు జారుతుంది. లోపలికి దిగే లోతు ఒకటే అయినా 36 మిల్లీమీటర్ల బాల్ 62 కాకుండా 102 ఘన మిల్లీమీటర్ల పొడి రాలుస్తుంది. చిన్న బాల్‌తో చిక్కేమిటంటే అది కప్పులోంచి సులువుగా జారిపోతుంది. క్రాస్‌లింక్డ్ వచ్చాక 32, 36 మిల్లీమీటర్ల బాల్స్ వాడటానికి ధైర్యం వచ్చింది.

ప్లాస్టిక్‌తో ఇంత తలనొప్పి ఎందుకు, లోహం మీద లోహం పెట్టొచ్చుగా?

పెట్టి చూశారు. ఘనపరిమాణంలో అరుగుదల చాలా తక్కువ. కానీ ఊడిన కోబాల్ట్, క్రోమియం అయాన్లు రక్తంలో కలుస్తాయి, కీలు చుట్టూ కండరం చచ్చిపోయి గడ్డలు కట్టిన కేసులు వచ్చాయి. 2010 ఆగస్టులో ఏఎస్ఆర్ అనే తుంటి ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. మన దేశంలోనూ వేల మందికి అవి అమర్చి ఉన్నాయి, పరిహారం కోసం వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 2010కి ముందు తుంటి మార్పించుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, పాత కాగితాల్లో ఆ పేరు ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే నొప్పి లేకపోయినా రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి.

సిరామిక్, గోల్డ్ మోకాలు: డబ్బు పెట్టాలా?

తుంటిలో క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ మీద సిరామిక్ బాల్ అనేది, నా అభిప్రాయంలో, వయసులో ఉన్నవాళ్లకు మంచి జత. సిరామిక్ ఇంకా నున్నగా ఉంటుంది, సిమెంట్ రేణువులకు గీతలు పడదు. బాల్ బిగించే చోట లోహం తుప్పు పట్టే సమస్య కూడా తగ్గుతుంది.

గోల్డ్ మోకాలిలో బంగారం లేదు. కోబాల్ట్ క్రోమ్ పైన టైటానియం నైట్రైడ్ లాంటి సన్నటి పూత, రంగు దానిది. నికెల్ వంటి లోహాలు పడనివాళ్లకు వాడటానికి అది ఒక కారణం. మామూలు మోకాలితో పోల్చి చూసిన అధ్యయనాల్లో అది ఎక్కువ కాలం నిలిచినట్టు తేలలేదు. హోర్డింగ్ చూసి అప్పు చేయకండి.

రాపిడికి లోపల వేడెక్కుతుందా?

కాస్త. బెర్లిన్‌లో సెన్సర్లు పెట్టిన తుంటి ఇంప్లాంట్లతో కొలిచారు. గంటసేపు నడిచాక కొందరిలో 43 డిగ్రీల దాకా వెళ్లింది. పాలిథిలీన్ కరగడానికి 135 డిగ్రీలు దాటాలి, దానికేం కాదు.

కింద కూర్చోవచ్చా? బాసింపట్టు వేసుకోవచ్చా?

భోజనానికి, పూజకు, పసిపిల్లలతో ఆడుకోవడానికి కింద కూర్చునే మనకు ఇది అన్నిటికన్నా బాధపెట్టే ప్రశ్న. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు 130 డిగ్రీలు దాటి వంగుతుంది. తొడ వైపు లోహం ఇన్సర్ట్ వెనక అంచు మీదికి వెళ్లి, కాస్త జాగాలో బరువంతా మోపుతుంది. కొన్ని డిజైన్లలో ఇన్సర్ట్ మధ్యలో ప్లాస్టిక్ స్తంభం ఉంటుంది, బరువు దాని మీద కూడా పడుతుంది. ఒకసారి కూర్చుంటే ఏమీ కాదు, రోజూ పదిసార్లు కూర్చోవడం వేరు. తుంటి విషయంలో భయం అరుగుదల కన్నా బాల్ జారిపోవడం గురించి. మీ సర్జన్ ఏ డిజైన్ వేశారో ఆయనకే తెలుసు కాబట్టి ఈ ప్రశ్న ఆయన్నే అడగాలి. బాత్రూమ్ మాత్రం ఆపరేషన్‌కు ముందే వెస్ట్రన్ కమోడ్‌కు మార్పించండి.

అరుగుతుందని నడక తగ్గించుకోవాలా?

వద్దు. నడవడానికేగా మార్పించుకున్నది. అరుగుదల గడిచిన ఏళ్లను బట్టి కాకుండా వేసిన అడుగులను, మోసిన బరువును బట్టి ఉంటుందన్నది నిజమే. అయినా నడక మానేస్తే గుండె, షుగర్, ఎముక బలం అన్నీ దెబ్బతింటాయి. తగ్గించాల్సింది బరువు. మామూలు నడకలో తుంటి మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు పడుతుంది, పది కిలోలు తగ్గితే అడుగడుక్కీ పాతిక కిలోల భారం తప్పుతుంది. తూలి నిలదొక్కుకునే క్షణంలో ఏడెనిమిది రెట్లు పడుతుంది, కాబట్టి ఇంట్లో జారే గచ్చు మీద, మెట్ల మీద జాగ్రత్త.

ముప్పై ఏళ్ల గ్యారంటీ అంటున్నారు, నమ్మొచ్చా?

ఆ ముప్పై చాలాసార్లు సిమ్యులేటర్ మీద వేయించిన కోట్ల అడుగుల నుంచి పుట్టిన సంఖ్య. యంత్రంలో కీలు సరిగ్గా అమర్చి ఉంటుంది, సిమెంట్ ముక్కలు పడవు, ఇన్ఫెక్షన్ రాదు. మనుషుల లెక్కలు కావాలంటే దేశాల రిజిస్ట్రీలు, అంటే ఎవరికి ఏ కీలు వేశారో, ఎప్పుడు మార్చారో రాసిపెట్టే జాబితాలు, చూడాలి. 2019లో ప్రచురితమైన సమీక్షల ప్రకారం 25 ఏళ్ల తర్వాత తుంటుల్లో సుమారు 58 శాతం, పూర్తి మోకాళ్లలో సుమారు 82 శాతం ఇంకా పనిచేస్తున్నాయి. ఇవి ఎక్కువగా పాతరకం ప్లాస్టిక్ లెక్కలు.

నొప్పి లేదు, ఇంకా డాక్టరు దగ్గరికి ఎందుకు?

ఎముక కరగడానికి నొప్పి ఉండదు. నొప్పి వచ్చేసరికి ఇంప్లాంట్ వదులై ఉండొచ్చు. ముందే కనిపెడితే చాలాసార్లు ప్లాస్టిక్ ఒక్కటే మార్చి, గుంతల్లో ఎముక పొడి నింపి సరిపెట్టొచ్చు. ఆలస్యమైతే మొత్తం తీసి మళ్లీ వేయాలి, పట్టు ఇవ్వడానికి ఎముక మిగలదు. సర్జన్ చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించుకోండి, పాత ఫిల్ములు పారేయకండి. ఒక్క ఎక్స్‌రేతో అరుగుదల తెలియదు, రెంటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కుర్చీలోంచి లేచి మొదటి నాలుగు అడుగుల్లో తొడలోనో గజ్జలోనో నొప్పి, కొత్తగా వాపు, కాలు పొట్టిగా అనిపించడం ఉంటే గడువు దాకా ఆగొద్దు.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఏం అడిగి తీసుకోవాలి?

స్టిక్కర్లు. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. వాటిని కేసు షీట్‌తోపాటు మీ డిశ్చార్జ్ ఫైల్లో కూడా అంటించమనండి. ప్లాస్టిక్ భాగానికి వేరే స్టిక్కర్ ఉంటుంది, అదీ ఉందో లేదో చూసుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఇన్సర్ట్ ఒక్కటే మార్చాల్సి వస్తే, అదే కంపెనీ అదే మోడల్ సైజు తెలియకపోతే సరిపోయేది దొరకదు. బిల్లులో కూడా ఇంప్లాంట్ ధర, బ్రాండు, తయారీదారు, బ్యాచ్ వివరాలు విడిగా ఉండాలి. 2017 ఆగస్టులో మందుల ధరలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు ఇచ్చిన ఆదేశమిది. అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమ్ మోకాలికి జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలని నిర్ణయించారు, తర్వాత సవరిస్తూ వచ్చారు. స్టిక్కర్లను ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గరైనా ఉంచండి.